గంపలవారు ఫ్లాటు ఖాళీ చేసిన వైనం

ఇల్లు ఖాళీ చెయ్యడం వేరు, అపార్ట్‌మెంట్లో ఫ్లాటు ఖాళీ చెయ్యడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకునేవాడు గంపలవారింట్లోనే పుట్టి ఉండాలి.

ఇల్లయితే ఏముంది? ట్రాక్టరు గుమ్మం ముందుకొస్తుంది. మంచం ఒకడు పట్టుకుంటాడు, కుంపటి ఒకడు పట్టుకుంటాడు, కోడిపెట్టని చంకలో ఇరికించుకుని ఇంకొకడు ఎక్కుతాడు. గోడకి నీ మేకుంటే పీక్కుంటావు. పెరట్లో నీ కరివేపాకు మొక్కుంటే వేరుతో సహా పెళ్ళగించుకుంటావు. అడిగేవాడుండడు. అపార్ట్‌మెంటు అలా కాదు. నీ గుమ్మం దాటి అడుగేస్తే అది నీ ఒక్కడి నేల కాదు. ఎక్కడానికి ఒక నియమం, దిగడానికి ఒక నియమం. అన్నిటికీ సెక్రటరీ ఒకడు.

విజయనగరంలో మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు మీద నా పక్క ఫ్లాటు గంపలవారిది. పెద్దవాడు నారాయుడు, వాడి పెళ్ళాం సూరీడమ్మ, తమ్ముడు అసిరయ్య, ఆ అన్నదమ్ముల తల్లి పైడమ్మ. నలుగురే. తమ్ముడికి ఇంకా పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో నేను చెప్పక్కర్లేదు, ముందుకి వెళ్తే మీకే అర్థమవుతుంది.

నారాయుడు రోజూ పొద్దున్నే కారిడార్లో నిలబడి మీసం దువ్వుకుంటూ అనేవాడు:

"పిన్నిగారూ, లోకంలో ఇన్ని తగువులెందుకో తెలుసా? ఒకడు ఒకటి చెప్తే ఇంకొకడు ఇంకొకటి చేస్తాడు. మా ఇంట్లో ఆ జబ్బు లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అదీ తెలివంటే!"

"అన్న మాట అన్నట్టు నిజం పిన్నిగారూ" అనేవాడు అసిరయ్య వెనకనించి.

నిజమే, కాదనను. వాళ్ళు ఈ ఫ్లాటులోకి వచ్చిన కొత్తలో సూరీడమ్మ నా జల్లెడ అడిగింది. మంచి ఇత్తడి జల్లెడ. "పట్టుకెళ్ళు తల్లీ, పని అయ్యాక ఇద్దువుగాని" అన్నాను. అంతే. ఇప్పటిదాకా రాలేదు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "ఇంట్లో పని ఇంకా అవలేదండీ. ఆడదానికి పని ఎప్పుడవుతుంది చెప్పండి?" అంటుంది. నేను మర్చిపోలేదు. నేను ఏదీ మర్చిపోను.

పైడమ్మకి మటుకు ఆ ఫ్లాటు మొదటినించీ గిట్టలేదు. "కింద ఇంకొకడి నెత్తి, పైన ఇంకొకడి కాళ్ళు, మధ్యలో మనం. ఇది ఇల్లు కాదురా, పోపులడబ్బా" అనేది. పోరగా పోరగా కొడుకులు ఫ్లాటు అమ్మేసి ఊరి చివర కాలనీలో చిన్న డాబా ఇల్లు కొన్నారు. చుట్టూ ప్రహరీ, ముందు ఇనప గేటు, పొయ్యి తూర్పున. గురువారం పదిన్నరకి ముహూర్తం. ఆ మర్నాటినించి మూఢం. ఆ ఘడియ దాటిందా, మళ్ళీ మూడు నెలలదాకా ఆ ఇంట్లో పాలు పొంగించడానికి వీల్లేదని పంతులు తేల్చి చెప్పేశాడు. ఇక్కడ చూస్తే ఫ్లాటు కొన్నవాళ్ళు ఆ సాయంత్రమే సామాను దింపుతున్నారు. అంటే అటు ప్రవేశం లేకపోతే ఇటు నిలవనీడ లేదు.

దానికి తోడు ముసలావిడ ఒట్టొకటి పెట్టుకుంది. "నా ఇంట్లో, నా పొయ్యి మీద, నా పాలు పొంగేదాకా టీ చుక్క ముట్టను" అని. పొద్దున్న లేస్తే టీ, పడుకోబోతే టీ తాగే మనిషి. ఇల్లు రిజిస్ట్రేషన్ అయిన రోజునించీ తలనొప్పితో నుదుటికి గుడ్డ బిగించుకుని తిరుగుతోంది. పాపం, ఆవిడ ప్రాణమంతా ఆ పాలగిన్నెలోనే ఉంది.

గురువారం తెల్లారింది. సెక్రటరీ భాస్కరం గారు పైకొచ్చాడు. ఆయనది కింద ఫ్లాటు. లుంగీ కట్టుకున్నా చొక్కా జేబులో పెన్నుండే మనిషి.

"చూడు నారాయుడూ, ఇది మీ పల్లెటూరి ఇల్లు కాదు. ఇక్కడ పద్ధతులుంటాయి. లిఫ్టు మనుషులకి మాత్రమే. సామాను మెట్ల మీంచి దిగాలి. విన్నావా?"

"విన్నానండి. మనుషులు లిఫ్టులో, సామాను మెట్ల మీంచి."

"అంతే."

అంతే. మంచం, బీరువా, బల్ల, రోలు, చాపలు, అన్నీ తెచ్చి మెట్ల దగ్గర వరసలో నిలబెట్టారు. నలుగురూ లిఫ్టెక్కారు. కిందికెళ్ళారు. మెట్లకెదురుగా కుర్చీలు అడిగి వేయించుకుని కూర్చున్నారు.

కాసేపయింది. మెట్ల మీద అలికిడి లేదు.

"ఇంకా దిగలేదేటి?" అంది సూరీడమ్మ.

"మంచానికి నాలుగు కాళ్ళున్నాయి, అది ముందొస్తుంది. బీరువావి పొట్టికాళ్ళు, మెల్లగా దిగాలి. తొందరపడితే ఎలగ?" అన్నాడు నారాయుడు.

"మరి చాపకి కాళ్ళే లేవు కదన్నా" అన్నాడు అసిరయ్య.

నారాయుడు ఆలోచనలో పడ్డాడు. "నిజమేరా. చాప దొర్లుకుంటూ రావాలి. దానికోసం ఆగాల్సిందే."

నేను పైనించి తొంగి చూశాను. కింద నలుగురూ మెడలెత్తి మెట్లకేసి చూస్తున్నారు, పెళ్ళివారి కోసం చూసినట్టు. అడగనివాళ్ళకి సలహా ఇవ్వడం మా ఇంటా వంటా లేదు.

చివరికి పాల ప్యాకెట్టుకి బయల్దేరిన భాస్కరం గారు చూశాడు. నెత్తి కొట్టుకున్నాడు.

"సామాను దానంతటది దిగుతుందేంటయ్యా! మీరే మొయ్యాలి!"

"ఆ మాట ముందు చెప్పాలి కదండీ" అన్నాడు నారాయుడు, తప్పు ఆయనదైనట్టు.

"ఇదిగో, ఇంకో మాట కూడా ముందే చెప్తున్నాను. కారిడార్లో ఏమీ పెట్టకూడదు. నడిచే దారి అది."

ఇంకేముంది! నలుగురూ పైకొచ్చారు. అన్నదమ్ములిద్దరూ బీరువా ఎత్తారు. ఎత్తాక గుర్తొచ్చింది, లారీ ఇంకా రాలేదని. కింద పెడదామంటే అది కారిడారు. పెట్టకూడదు. అంతే, బీరువా మోసుకుని అలాగే నిలబడిపోయారు. ఇనప బీరువా. సూరీడమ్మ అందులోని పట్టుచీరలు కూడా తియ్యలేదు. ఇద్దరి మొహాలూ వంకాయ రంగుకొచ్చాయి.

"దింపండ్రా, నడుములు విరుగుతాయి!" అంది పైడమ్మ.

"పెట్టకూడదన్నారమ్మా! మొయ్యకూడదనలేదు" అన్నాడు నారాయుడు పళ్ళ బిగువున.

"అన్నా, నా ముక్కు దురదగా ఉందన్నా" అన్నాడు అసిరయ్య.

"ఓర్చుకో."

"ఓర్చుకుంటే ఇంకా దురదేస్తోందన్నా."

"వదినని గోకమను."

సూరీడమ్మ మరిది ముక్కు గోకింది. ఎడమవైపు గోకితే కుడివైపు అన్నాడు, కుడివైపు గోకితే ఎడమవైపు అన్నాడు. ఇద్దరూ ఆ బరువు తట్టుకోలేక మెల్లిగా జరిగి జరిగి, ఆ బీరువాని నా తలుపుకి ఆనించారు. ఈ గొడవేంటా అని నేను సరిగ్గా అప్పుడే తలుపు తీశాను.

బీరువా భళ్ళుమని నా హాల్లోకొచ్చి పడింది. దాని వెనకే నారాయుడు, వాడి మీద అసిరయ్య.

"ఇదేంటిరా?" అన్నాను.

నారాయుడు లేచి చొక్కా దులుపుకుని నవ్వుమొహంతో అన్నాడు. "మీరేం కంగారుపడకండి పిన్నిగారూ. కారిడార్లో పెట్టలేదు. మీ ఇంట్లో పెట్టాం."

నా గడప చెక్క లేచిపోయింది. అది కూడా నేను మర్చిపోలేదు.

చప్పుడుకి భాస్కరం గారు మళ్ళీ పైకొచ్చాడు. ఈసారి ఓపిగ్గా చెప్దామనుకున్నాడు పాపం. ఓపిగ్గా చెప్పడమే ఆయన చేసిన పొరపాటు.

"నారాయుడూ, సొంత ఇల్లంటే అంతా నీదే. అపార్ట్‌మెంటు అలా కాదు బాబూ. లిఫ్టు, మెట్లు, డాబా, పైన నీళ్ళ ట్యాంకు, ఇవన్నీ అందరివీ. అన్నిట్లో అందరికీ వాటా ఉంటుంది. నీకూ ఉంది, నాకూ ఉంది, ఈ అమ్మగారికీ ఉంది. అందుకే అందరికీ ఇబ్బంది లేకుండా నడుచుకోవాలి. తెలిసిందా?"

"తెలిసిందండి" అన్నాడు నారాయుడు. ఆయన వెళ్ళగానే తమ్ముణ్ణి చెవి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. "విన్నావురా? అన్నిట్లో మనకి వాటా ఉందట! ఎంత పని జరిగిపోయేది! వాటా వదిలేసి ఉత్తచేతులతో పోయేవాళ్ళం!"

"మన తెలివి మనల్ని కాపాడిందన్నా."

"ముందు లిఫ్టు" అంది సూరీడమ్మ. ఆవిడేం తక్కువ తినలేదు.

నారాయుడు తల అడ్డంగా తిప్పాడు. "లిఫ్టు బరువు. ముందు నీళ్ళు."

అంతే. ఇంట్లో ఉన్న కుళాయిలన్నీ తిప్పారు. బిందెలు నింపారు, బకెట్లు నింపారు, గంగాళం నింపారు. గిన్నెలు, చెంబులు, గ్లాసులు, గరిటెలు కూడా. గరిటెల్లో నీళ్ళు పోసి ఒలక్కుండా గోడవారని నిలబెట్టిన ఇల్లు నేను ఎక్కడా చూడలేదు. అవి నిండాక ట్రంకుపెట్టెలో బట్టలు తీసి ట్రంకుపెట్టె నింపారు. అది కారుతోంటే అసిరయ్య వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, పాలగిన్నె ఇలా ఇయ్యి" అన్నాడు నారాయుడు.

"చస్తే ఇవ్వను!" అని పైడమ్మ కొత్తగిన్నె కొంగులో దాచుకుంది. ఆ ఇంట్లో ఖాళీగా మిగిలిన గిన్నె అదొక్కటే.

పైన ట్యాంకు ఖాళీ అయిపోయింది. ఒక్కొక్క ఫ్లాటులోంచీ కేకలు. భాస్కరం గారు అప్పుడే స్నానానికి కూర్చున్నాడట. నెత్తినిండా సబ్బు నురగతో, కళ్ళు మూసుకుని, తడుముకుంటూ మూడంతస్తులు ఎక్కొచ్చాడు.

"ఎవడ్రా నీళ్ళన్నీ లాగేసింది?"

"మా వాటా తీసుకున్నామండి" అన్నాడు నారాయుడు. "మీ వాటా మేం ముట్టుకోలేదు. పైనే ఉంటుంది చూసుకోండి."

"వాటా పట్టుకుపోవడమేంట్రా! ఉమ్మడి అంటే పంచుకుపోయేది కాదు! ఈ లెక్కన ఆ గోడ కూడా నీదీ పక్కావిడదీ ఉమ్మడే. సగం నీది, సగం ఆవిడది. అదీ పట్టుకుపోతావా?" అని అరిచి, కళ్ళు మండిపోతుంటే సోడా కొట్టుకి పరిగెత్తాడు మొహం కడుక్కోడానికి.

నారాయుడు మటుకు మీసం దువ్వుకుంటూ గోడకేసి చూస్తున్నాడు.

నేను అప్పటికి వంటింట్లో దిబ్బరొట్టి వేసి మూత పెట్టాను. మినపపిండి, సన్నటి సెగ, అడుగు ఎర్రగా కాలేదాకా ముట్టుకోకూడదు. అవతల్నించి దబ్ మంది. గోడకున్న క్యాలెండరు ఊగింది. మళ్ళీ దబ్. క్యాలెండరు పడింది. మూడో దెబ్బకి గోడలోంచి ఇటుకొకటి నా పొయ్యి గట్టు మీదికొచ్చి కూర్చుంది. ఆ కన్నంలోంచి నారాయుడి మొహం, పక్కన గునపం.

"పిన్నిగారూ, మా సగం ఇక్కడితో అయిపోయిందా? కాస్త అటువైపునించి చూసి చెప్పండి."

"అయిపోయి ఎప్పుడో ఇటొచ్చావురా దరిద్రుడా!" అన్నాను.

"అయ్యయ్యో. మీ సగంలోకి వచ్చేశామా? అయితే ఆ ఇటుక మీదే, ఉంచేసుకోండి. మాకు పరాయి సొత్తొద్దు."

నేను పెట్టిన కేకకి అపార్ట్‌మెంటంతా పైకొచ్చింది. భాస్కరం గారు సోడా వాసనతో వచ్చాడు. కన్నం చూశాడు. మాట పడిపోయింది. నీళ్ళు తాగిద్దామంటే నీళ్ళన్నీ గంపలవారి గరిటెల్లో ఉన్నాయి.

కాసేపటికి తేరుకుని, "ఒరే నాయనా, ఫ్లాటు అమ్మినప్పుడే నీ వాటాలన్నీ కూడా కొన్నవాడికి పోయాయిరా! నీకిక్కడ ఇటుక ముక్క లేదు! ఆ కన్నం మూసేదాకా ఇక్కణ్ణించి ఒక్కరు కదలడానికి వీల్లేదు!" అన్నాడు.

"మూస్తే వెళ్ళిపోవచ్చా?" అన్నాడు నారాయుడు.

"మూస్తే వెళ్ళు!"

నారాయుడు అటూ ఇటూ చూశాడు. కన్నాన్ని జానతో కొలిచాడు. తమ్ముణ్ణి జానతో కొలిచాడు. ఇంకేముంది! అసిరయ్యని ఎత్తి కన్నంలో కూర్చోబెట్టాడు. అచ్చంగా సరిపోయాడు. వీపు వాళ్ళింట్లో, మొహం నా వంటింట్లో.

"మూశామండి. పద సూరీడూ."

"అన్నా, మరి నేనో?"

"నువ్వు గోడవిరా. గోడ మాట్లాడకూడదు."

గోడ మాట్లాడలేదు గానీ చెయ్యి చాపింది. నేను భాస్కరం గారితో గొడవపడి తిరిగేలోగా మూత తీసి నా దిబ్బరొట్టి మొత్తం తినేసింది. పైగా "ఉప్పు సరిపోలేదు పిన్నిగారూ" అని ఒక మాట కూడా అంది. నా చేతి వంటకి నా అత్తగారు కూడా వంక పెట్టలేదు!

ఇలా ఉండగా పైడమ్మ గుమ్మం దగ్గర కూలబడి ఏడుపు మొదలెట్టింది. ఒళ్ళో కొత్తగిన్నె, చేతిలో పాల ప్యాకెట్టు.

"తొమ్మిదైపోయిందిరా. నా పాలు పొంగవురా. నేనింక టీ తాగకుండానే పోతానురా..."

నేను కఠినమైనదాన్నే. కానీ ఆ ముసలావిడ నుదుటి గుడ్డ చూస్తే నా మనసే మెత్తబడింది. "భాస్కరం గారూ, ఇదిగో వీళ్ళ బీరువా ఎలాగూ నా హాల్లో పడుంది. దాన్ని కన్నానికి అడ్డం పెట్టించండి. వీళ్ళని వదలండి. కానీ గోడ కట్టించేదాకా ఈ నారాయుడి పక్కనించి నేను కదలను. లారీలో నేనూ వస్తున్నాను" అన్నాను.

అలా బీరువా నా వంటింట్లోకొచ్చింది. అసిరయ్య అటువైపు దిగాడు.

లారీ వచ్చింది. డ్రైవరు మస్తాను మంచివాడే, కాకపోతే తొందరమనిషి. సామానంతా ఎక్కించాక పెద్ద మోకు ఒకటి నారాయుడి మీదికి విసిరి, "రోడ్డంతా గోతులే. బండి ఎంత కదిలినా సామాను మటుకు అంగుళం కదలకూడదు. అలా కట్టు" అని చెప్పి టీకి వెళ్ళాడు. టీ అన్న మాట వినగానే పైడమ్మ చెవులు మూసుకుంది.

నారాయుడు లారీ చుట్టూ తిరిగాడు.

"తమ్ముడూ, లారీకి కడితే లారీ కదిలినప్పుడల్లా సామాను కదుల్తుంది. అవునా?"

"అవునన్నా."

"కదలనిదానికి కట్టాలి. ఇక్కడ కదలనిదేటి?"

అసిరయ్య చుట్టూ చూసి కింద పార్కింగులో ఉన్న సిమెంటు స్తంభం చూపించాడు. అంతే. మోకు ఒక కొస మంచానికీ బల్లకీ బిందెలకీ ట్రంకుపెట్టెకీ చుట్టబెట్టి, రెండో కొస ఆ స్తంభానికి బిగించారు. నేను అప్పటికే ముందు సీట్లో పైడమ్మ పక్కన కూర్చున్నాను, వెనక జరిగేది నాకు కనపళ్ళేదు. కనిపించుంటే చెప్పేదాన్నా? ఏమో. గడప చెక్క సంగతి నా మనసులోనే ఉంది.

మస్తాను వచ్చి, "కట్టారా?" అన్నాడు.

"బండి కదిలినా సామాను కదలదు. నాదీ హామీ!" అన్నాడు నారాయుడు.

లారీ బయల్దేరింది. వెనక ఒక్కసారి దడదడమని పిడుగులు పడ్డట్టయింది. మస్తాను బ్రేకేసి దిగి చూస్తే లారీ ఖాళీ. స్తంభం కింద మంచం, మంచం కింద బల్ల, బల్ల కింద గంగాళం. వాటా నీళ్ళన్నీ పార్కింగులో చెరువు కట్టాయి. అందులో సూరీడమ్మ చెప్పు ఒకటి తేలుతోంది.

"చూశావా? బండి కదిలింది. సామాను అంగుళం కదల్లేదు!" అన్నాడు నారాయుడు గర్వంగా.

మస్తాను కాసేపు వాడి మొహంలోకి చూశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. "నాకు పెళ్ళాం పిల్లలున్నారమ్మా. వీళ్ళని దింపేసి నేను ఇంటికి పోతాను" అన్నాడు.

అప్పటికి పది దాటింది. మళ్ళీ ఎక్కించే టైము లేదు. "సామాను తగలెట్టండ్రా! పొయ్యి ఆ ఇంట్లో ఉంది, గిన్నె నా దగ్గరుంది, పాలు నా దగ్గరున్నాయి. నన్ను ముందు అక్కడికి చేర్చండి!" అని పైడమ్మ లారీ తలుపు మీద గుద్దింది. ఆ ఇంటివాళ్ళ నోట ఆ రోజు నేను విన్న తెలివైన మాట అదొక్కటే. లారీ పరిగెత్తింది.

కాలనీ చేరేసరికి ముహూర్తానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. ఇల్లు ముచ్చటగా ఉంది. సున్నం కొత్తది, గుమ్మానికి మామిడాకులు, గేటుకి బంతిపూలు. గేటుకి తాళం కూడా లేదు, ఉత్త గడియ. పంతులు సూర్యనారాయణశాస్త్రి గారు గేటు బయటే గొడుగేసుకుని నిలబడున్నారు.

"రండి రండి, ఘడియ దగ్గర పడింది! అమ్మా, కుడికాలు ముందు పెట్టి లోపలికి నడవండి!"

పైడమ్మ గిన్నె గుండెకి హత్తుకుని దిగింది. ఆవిడ మొహంలో నవ్వు చూడ్డం నాకదే మొదలు. గేటు గడియ మీద చెయ్యేసింది.

"అమ్మా, ఆగు!" అని నారాయుడు అడ్డంపడ్డాడు.

"ఏట్రా?"

"వాచ్‌మన్ ఏడీ?"

"సొంతింటికి వాచ్‌మన్ ఏంటయ్యా!" అన్నారు పంతులు.

"బలేవారండి. ఇన్నాళ్ళు అపార్ట్‌మెంట్లో ఉన్నాం, మాకా పద్ధతి తెలీదూ? వాచ్‌మన్ చూడకుండా గేటు దాటేది ఎవడు? దొంగ. మేం దొంగలమేటి?"

"కాదు" అంది సూరీడమ్మ.

"కాదన్నా" అన్నాడు అసిరయ్య.

ఇంకేముంది! అక్కడికక్కడే అసిరయ్యని వాచ్‌మన్ చేశారు. పంతులుగారి గొడుగు కర్రలా పట్టుకుని, ఛాతీ విరుచుకుని గేటుకి అడ్డంగా నిలబడ్డాడు వాడు. పదవి వచ్చేసరికి వాడి గొంతే మారిపోయింది.

"ఎవరింటికండీ?"

"గంపల నారాయుడు గారింటికి" అన్నాడు నారాయుడు వినయంగా.

"తమరి పేరు?"

"గంపల నారాయుడు."

"ఒరే, టైమైపోతోందిరా!" అన్నారు పంతులు.

"అరవకండి. లోపలివాళ్ళని అడక్కుండా ఎవర్నీ పంపకూడదు. అది పద్ధతి" అన్నాడు అసిరయ్య. ఫోను తీశాడు. ఇంటివాళ్ళ నెంబరంటే వాడికి తెలిసింది వదిన నెంబరే. కొట్టాడు.

వాడి పక్కనే నిలబడున్న సూరీడమ్మ నడుం దగ్గర ఫోను మోగింది. ఆవిడ మర్యాదగా రెండడుగులు పక్కకెళ్ళి, రెండో చెవి మూసుకుని ఫోను ఎత్తింది.

"అలో, ఎవరండీ?"

"వాచ్‌మన్‌నండి. గేటు దగ్గరనించి. మీ ఇంటికి నారాయుడు గారని ఎవరో వచ్చారు. కూడా ఒక ముసలావిడ, ఒక పంతులుగారు, ఒక కోపిష్టావిడ ఉన్నారు. పంపమంటారా?"

"అయ్యో! మేం ఇంట్లో లేమండీ. గృహప్రవేశం పనిమీద బయటున్నాం. మేం వచ్చాక రమ్మని చెప్పండి."

"అలగేనండి."

ఫోను పెట్టేసి వచ్చి చెప్పాడు. "ఇంట్లో ఎవరూ లేరట. వచ్చాక రమ్మన్నారు."

"ఎప్పుడొస్తారో అడగలేదేట్రా?" అని విసుక్కున్నాడు నారాయుడు.

"ఫోను పెట్టేశారు."

"మర్యాద తెలీని మనుషులు" అంది సూరీడమ్మ.

పంతులుగారు గొడుగు లాక్కోబోయారు. వాడు వదల్లేదు. "ఘడియ దాటిపోతోంది! తొయ్యండి గేటు!" అని ఆయన గంతులేస్తున్నారు. ఇంక నేనే రంగంలోకి దిగాను.

"అసిరయ్యా, పక్కకి తప్పుకో. పెద్దదాన్ని చెప్తున్నాను, ఆ గడియ తియ్యి."

"తమరి పేరండీ?" అన్నాడు.

నా పేరు! నా వంటింటి గోడలో కూర్చుని నా రొట్టె తిన్నవాడు నన్ను పేరడిగాడు! వాడికి నా పేరు చెప్పుకుని లోపలికెళ్ళే ఖర్మ నాకేంటి? చెప్పలేదు. ఇప్పుడడిగినా చెప్పను.

పంతులు ఆఖరికి పైడమ్మ కాళ్ళమీద పడ్డంత పని చేశారు. "అమ్మా, మీరైనా చెప్పండి! ఇల్లు మీది, పాలు మీవి! ఇంకొక్క నిమిషం ఉంది!"

పైడమ్మ ఇంటికేసి చూసింది. చేతిలో పాలకేసి చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. గట్టిగా ఊపిరి పీల్చుకుని, గేటు పక్కన రాయి మీద కొంగు పరుచుకుని కూర్చుంది.

"వాళ్ళు లేనప్పుడు వాళ్ళ వంటింట్లోకి జొరబడమంటారేటి బాబూ? మేం అలాంటి వాళ్ళం కాదు" అంది. "అయినా ఎవరో గానీ, ముహూర్తంపూట ఇంటిల్లిపాదీ ఊరు తిరగడానికి పోయారు చూడండి! కాస్తయినా బుద్ధుండొద్దూ? రానివ్వండి, నాలుగు దులిపేస్తాను."

కొడుకూ కోడలూ ఆవిడ పక్కనే చేరారు. ఘడియ దాటిపోయింది. పంతులు గొడుగు కూడా వదిలేసి ఎండలో వెళ్ళిపోయారు. ఆ ముగ్గురూ మటుకు ఆ ఇంటివాళ్ళు ఏ వైపునించి వస్తారో తెలీక, ఒకరు ఇటూ ఒకరు అటూ చూస్తూ కూర్చున్నారు. రోడ్డు మీద ఎవరు కనిపించినా అసిరయ్య గొడుగు ఎత్తి కేకేస్తున్నాడు.

"ఏవండోయ్! ఈ ఇల్లు మీదేనా? త్వరగా రండి, మీకోసం చుట్టాలొచ్చి కూర్చున్నారు!"